మామ దాచిన వడ్లు ఎందుకు చెదిరినయి: మెండెల్ లెక్క మన నిజాంసాగర్ ఆయకట్టు దాకా

పోయిన ఎపిసోడ్‌లో నిజాంసాగర్ కట్ట కథ చెప్పుకున్నాం. 1923లో మొదలై 1931లో పూర్తయిన ప్రాజెక్టు అది, మంజీర నీళ్ళను మళ్ళించి పొలాల్లోకి తెచ్చిన ప్రాజెక్టు. నీళ్ళ గురించి చాలా చెప్పాను గానీ ఆ నీళ్ళ కింద మనం వేసిన విత్తనం ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఎవరు తయారు చేశారు అన్నది చెప్పలేదు. ఇవాళ ఆ సంగతి. దీనికి కొంచెం లెక్కలు కావాలి. భయపడకండి, సగం, పావు తెలిస్తే చాలు.

ముందు మా మేనమామ దగ్గర మొదలుపెడతాను. మా మామది కామారెడ్డి జిల్లా మహమ్మద్‌నగర్. కాలువ కింద వరి. ఆయన ఎప్పుడూ బీపీటీ వేసేవాడు, కోసిన వడ్లలోంచే నాలుగు సంచులు పక్కకు తీసి మళ్ళీ ఏడాదికి నారు పోసేవాడు. మూడేళ్ళ కింద ఒక వానాకాలం ఎవరో చెప్పారని హైబ్రిడ్ వరి విత్తనం కొన్నాడు. పంట బ్రహ్మాండంగా వచ్చింది. అంత మంచి పంట కదా, అలవాటు ప్రకారం అందులోంచే రెండు సంచులు విత్తనానికి దాచాడు. మళ్ళీ వానాకాలం రెండెకరాల్లో అదే నాటేశాడు.

నాటు దాకా ఏం తేడా కనపడలేదు. పొట్ట దశలో మొదలైంది. కొన్ని మొక్కలు ముందే ఈనాయి, కొన్ని పదిహేను రోజులు వెనక. ఒకటి పొడుగు, ఒకటి జానెడు తక్కువ. కొన్ని గింజలు సన్నం, కొన్ని లావు. కొన్ని వెన్నుల్ని చేత్తో నొక్కితే అంతా తాలు, గింజే లేదు. కోతకొచ్చేసరికి సగం పండి రాలుతోంది, సగం పచ్చిగా ఉంది. మిషన్ పెట్టి కోయిస్తే పచ్చిగింజ, తాలు కలిసిపోయాయి. మిల్లు దగ్గర కోత పెట్టారు. పెట్టుబడి కూడా చేతికి రాలేదు. ఆయన పోయి విత్తనం అమ్మిన దుకాణం ముందు పెద్ద గొడవ పెట్టుకున్నాడు. "నన్ను మోసం జేసిన్రు" అని.

నేను వెళ్ళినప్పుడు ఆ ముచ్చటే. "ఏం అల్లుడా, నువ్వు సదువుకున్నోనివి గదా, గిదేందో చెప్పు. నేనేసింది ఒక్క ఇత్తనం, మొలిచినయి పది తీర్లు" అన్నాడు. నేను, "మామా, నిన్నెవరూ మోసం చెయ్యలేదు. ఇది మెండెల్ లెక్క" అన్నాను. ఆయన నా మొహం చూసి, "ఆయన యే ఊరోడు?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, ప్రశ్న మంచిదే. ఆయన ఏ ఊరివాడో చెప్పుకుందాం.

ఇప్పటి చెక్ దేశంలో బ్ర్నో అనే పట్నం ఉంది. అక్కడి మఠంలో గ్రెగర్ మెండెల్ అనే సన్యాసి 1856 నుంచి 1863 దాకా తోటలో బఠాణీ మొక్కలు పెంచాడు. పదో తరగతిలో చదివిన పాఠమే కాబట్టి ఎక్కువ చెప్పను. ఒక్క లక్షణం తీసుకుందాం: పొడుగు, పొట్టి. పొడుగు బఠాణీకి పొట్టి బఠాణీని కలిపాడు. మొదటి తరం మొత్తం పొడుగే వచ్చింది. పొట్టిదనం ఎటు పోయిందో తెలీదు. ఆ పొడుగు మొక్కల్ని వాటికవే పరాగం పడనిచ్చి గింజలు తీసి మళ్ళీ వేశాడు. 1,064 మొక్కలు మొలిచాయి. 787 పొడుగు, 277 పొట్టి. అంటే పోయిందనుకున్న పొట్టిదనం పోలేదు, దాక్కుని ఉంది, సుమారు పావు వంతు మొక్కల్లో బయటపడింది.

ఎందుకు పావు? ప్రతి మొక్కలో ఒక్కో లక్షణానికి రెండు ప్రతులు ఉంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. మొదటి తరం మొక్కలో ఒకటి పొడుగు ప్రతి, ఒకటి పొట్టి ప్రతి. పుప్పొడి తయారయ్యేటప్పుడు ఏదో ఒకటే వెళ్తుంది, సగం సగం అవకాశం. అండంలోకీ అంతే. రెండు పక్కల నుంచీ పొట్టి ప్రతే రావాలంటే సగంలో సగం, పావు. మిగతా ముప్పావులో కనీసం ఒక పొడుగు ప్రతి ఉంటుంది కాబట్టి అవి పొడుగు. ఒక్కటున్నా బయటకు కనపడేదాన్ని బహిర్గతం అంటాం, రెండూ ఉంటేనే కనపడేదాన్ని అంతర్గతం అంటాం. ఇంతే సిద్ధాంతం.

కానీ పాఠంలో చాలామంది దాటేసే విషయం ఇంకొకటుంది, నా దృష్టిలో అదే అసలుది. మెండెల్ 3:1 చూసి ఆగిపోలేదు. ఆ పొడుగు మొక్కల్లోంచి నూరు తీసుకుని, ఒక్కోదాని గింజల్ని విడివిడిగా వేసి చూశాడు. 28 మొక్కల సంతానం మొత్తం పొడుగే. 72 మొక్కల సంతానంలో మళ్ళీ పొట్టివి వచ్చాయి. అంటే చూడ్డానికి ఒకే రకంగా ఉన్న నూరు మొక్కల్లో మూడింట రెండు వంతుల చిల్లర లోపల ఇంకోటి దాచుకున్నాయి. పొట్టి మొక్క మాత్రం ఏమీ దాచుకోదు. పొట్టిగా కనపడిందంటే రెండు ప్రతులూ పొట్టివే. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. మన వరి చరిత్ర మొత్తం దీని మీదే నడిచింది.

మెండెల్ 1865లో ఈ సంగతి చదివి వినిపించాడు, 1866లో అచ్చయింది, ఎవరూ పట్టించుకోలేదు. 1900లో యూరప్‌లో మళ్ళీ బయటపడింది. అక్కడి నుంచి మన దేశానికి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ ఉన్న రోజులు, కోస్తా ఆంధ్ర కూడా అందులోనే. కోయంబత్తూరులో వరి పరిశోధన కేంద్రం పెట్టారు. అక్కడ పార్నెల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, రంగస్వామి అయ్యంగార్, రామయ్య అనే ఇద్దరు మన దక్షిణాది శాస్త్రవేత్తలు కలిసి వరిలో లక్షణాలు ఎట్లా దిగుతాయో లెక్కపెట్టి 1917లో అచ్చు వేశారు. ఆకు రంగు, గింజ రంగు, ఇట్లాంటివన్నీ.

1921లో పార్నెల్ ఇంకో పని చేశాడు, చాలా చిన్న పని, కానీ నాకు భలే ఇష్టం. వరిలో జిగురు బియ్యం అని ఒక రకం ఉంటుంది, వండితే అంటుకుపోతుంది. మామూలు బియ్యం మీద అయోడిన్ చుక్క వేస్తే నీలం నలుపుగా మారుతుంది. జిగురు రకం ఎరుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. పుప్పొడి రేణువులో కూడా ఇదే తేడా ఉంటుంది. పార్నెల్ మామూలు వరికీ జిగురు వరికీ పుట్టిన మొదటి తరం మొక్క పుప్పొడి తీసుకుని అయోడిన్ వేసి సూక్ష్మదర్శినిలో చూశాడు. సగం రేణువులు నీలం, సగం ఎరుపు. మెండెల్ ఊహించి చెప్పిన "సగం సగం" కంటికి కనపడింది! బఠాణీలో మనవల్ని లెక్కపెట్టి తాతల్ని ఊహించాల్సి వచ్చింది. ఇక్కడ ఒక గాజు పలక మీద, మన వరిలో, నేరుగా చూడొచ్చు.

అదే కోయంబత్తూరు నుంచి 1921లో జీఈబీ 24 అనే సన్న రకం బయటికొచ్చింది. ఈ పేరు కూడా పక్కన రాసి పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక మన వైపు. కాలువ వచ్చాక నీళ్ళకు కొదవ లేదు, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం వచ్చింది. కానీ వరి దిగుబడికి ఒక అడ్డంకి ఉండేది. మన పాత రకాలన్నీ పొడుగు. నడుము దాటి పెరిగేవి. ఎరువు వేస్తే గింజ పెరిగేది, గింజ బరువుకు మొక్క పడిపోయేది. పడిపోయిన చేను నీళ్ళలో మురిగేది. అంటే ఎరువు వేసినా నష్టమే. దేశం మొత్తం ఇదే పరిస్థితి. 1960ల్లో తిండిగింజల కోసం ఓడల వైపు చూసిన రోజులు అవి.

పరిష్కారం తైవాన్‌లో ఒక పొట్టి వరిలో ఉంది. దాని పేరు డీ జియో వూ జెన్. 1962లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పీటర్ జెన్నింగ్స్ అనే ఆయన దీన్ని ఇండోనేషియా రకం పేటాతో కలిపాడు. పేటా పొడుగు. వచ్చిన విత్తనాలు 130. మొలకేస్తే మొదటి తరం మొత్తం పొడుగు! తెలియనివాళ్ళైతే అక్కడే పారేసేవాళ్ళు. "పొట్టిది కావాలనుకుంటే పొడుగే వచ్చింది" అని. కానీ మెండెల్ లెక్క తెలిసినవాళ్ళకు ఏం చెయ్యాలో తెలుసు. రెండో తరం సుమారు పదివేల మొక్కలు వేశారు. పావు వంతు పొట్టివి వచ్చాయి. అంటే ఒకే ఒక్క జన్యువు, అది అంతర్గతం అని తేలిపోయింది. అంతర్గతం కాబట్టి కనపడిన ప్రతి పొట్టి మొక్కా ఆ లక్షణానికి శుద్ధమే, మళ్ళీ ఆ ఎత్తు చెదరదు. అందులోంచి ఎంచి ఎంచి తీసిందే ఐఆర్ 8. 1966 నవంబర్‌లో విడుదలైంది. పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే రైతు 1967లో ఇది వేసి, చుట్టుపక్కల రైతులకు కూడా పంచి, ఐఆర్ 8 సుబ్బారావుగా పేరు తెచ్చుకున్నాడు.

ఒక చిన్న పక్కదారి. ఈ పొట్టి జన్యువు ఏం చేస్తుందో 2002లో తేలింది. మొక్క పొడుగు పెరగడానికి జిబ్బరెలిన్ అనే హార్మోన్ కావాలి. దాన్ని తయారుచేసే మెట్లలో ఒకటి ఈ జన్యువులో చెడిపోయి ఉంది. అంతకు ఐదేళ్ళ ముందు, 1997లో, మెండెల్ పొట్టి బఠాణీ జన్యువేదో తేలింది. అదీ జిబ్బరెలిన్ తయారీలో ఇంకో మెట్టే! మఠం తోటలో బఠాణీ, తైవాన్ పొలంలో వరి, రెండింట్లోనూ చెడింది ఒకే దారిలో. ఎందుకు అంతర్గతం అన్నదీ దీంతో అర్థమవుతుంది. రెండు ప్రతుల్లో ఒకటి చెడినా రెండోది హార్మోన్ తయారు చేస్తుంది, మొక్క పొడుగే పెరుగుతుంది. రెండూ చెడితేనే పొట్టి.

1965లో హైదరాబాద్ రాజేంద్రనగర్ కేంద్రంగా అఖిల భారత వరి పరిశోధన పథకం మొదలైంది. ఎస్.వి.ఎస్. శాస్త్రి, అమెరికా నుంచి వచ్చిన ఫ్రీమన్ దాన్ని నడిపారు. తైచుంగ్ నేటివ్ 1 అనే పొట్టి తైవాన్ రకాన్ని ఒడిశా పొడుగు రకం టీ 141తో కలిపి 1968లో జయ అనే రకం విడుదల చేశారు. ఇదీ అదే లెక్క, అదే పావు వంతు.

కానీ మనవాళ్ళకు తినడానికి లావు బియ్యం నచ్చదు కదా. దిగుబడి వచ్చింది, రుచి రాలేదు. మలేషియా నుంచి వచ్చిన మసూరి రకం మన రైతుల చేతుల్లో ఒకరి నుంచి ఒకరికి పాకింది, తినడానికి బాగుంది, కానీ పొడుగు, పడిపోతుంది. అప్పుడు బాపట్లలో మూడు రకాల్ని కలిపారు. జీఈబీ 24 (ఇందాక రాసి పెట్టుకోమన్నది), తైచుంగ్ నేటివ్ 1, మసూరి. సన్నతనం ఒకవైపు నుంచి, పొట్టిదనం ఒకవైపు నుంచి, రుచి ఒకవైపు నుంచి. తరతరానికీ ఎంచుకుంటూ పోతే 1986లో విడుదలైంది బీపీటీ 5204, సాంబ మసూరి. బీపీటీ అంటే బాపట్లే. మా మామ ఇన్నాళ్ళూ దాచుకుని వేసిన వడ్లు ఇవే.

మరి ఆ బీపీటీని ఇరవై ఏళ్ళు దాచుకుని వేసినా ఎందుకు చెదరలేదు? వరి పువ్వు మూసుకుని ఉన్నప్పుడే, లేదా తెరుచుకున్న కాసేపట్లోనే, దాని పుప్పొడి దాని మీదే పడుతుంది. పక్క మొక్కది పడటం చాలా అరుదు. అందుకే వరిలో సంకరం చెయ్యాలంటే సాయంత్రం కూర్చుని ఒక్కో పువ్వు కొస కత్తిరించి, ఆరు పుప్పొడి సంచులూ పీకేసి, కాగితం సంచి తొడిగి, పొద్దున్నే వేరే రకం పుప్పొడి దులపాలి. అంత పని. వదిలేస్తే తనకు తానే. ఇట్లా తనకు తానే పరాగం పడుతూ పోతే ప్రతి తరానికీ దాచుకున్న తేడాల్లో సగం తగ్గిపోతాయి. రెండో తరంలో సగం, మూడో తరంలో పావు, ఎనిమిదో తరానికి నూటికి ఒకటి కూడా ఉండదు. రకాన్ని రైతుకిచ్చేది అంతా అయ్యాకే. కాబట్టి మనం దాచుకున్నా అదే రకం. ఎక్కడైనా బెరుకు వచ్చిందంటే అది కల్లంలోనో, సంచిలోనో కలిసినదే ఎక్కువ.

బీపీటీకి ఒక బలహీనత ఉంది, కాలువ కింద ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎండాకు తెగులు. ఆకు కొన నుంచి అంచుల వెంబడి అలలు అలలుగా పసుపు పడి ఎండిపోతుంది. ఇది బాక్టీరియా వల్ల వస్తుంది, గాలివాన వచ్చిందంటే చేను మొత్తం పాకుతుంది, గట్టిగా పనిచేసే మందు లేదు. తట్టుకునే జన్యువు మొక్కలోనే ఉండాలి. హైదరాబాద్‌లో వరి పరిశోధన సంచాలకాలయం, సీసీఎంబీ కలిసి ఈ పని చేపట్టాయి. ఇది నాకు తెలిసినంతలో మెండెల్ లెక్కకు మన గడ్డ మీద దొరికే అత్యంత అందమైన ఉదాహరణ.

వాళ్ళు మూడు జన్యువులు తీసుకున్నారు. ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది, పేరు ఎక్స్‌ఏ 21. ఇది బహిర్గతం. మిగతా రెండు, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5, అంతర్గతాలు. ఎందుకట్లా? ఎక్స్‌ఏ 21 కావలివాడు లాంటిది. బాక్టీరియా వచ్చిందని పసిగట్టి మొక్కను లేపుతుంది. కావలివాడు ఒక్కడున్నా అరుస్తాడు, కాబట్టి ఒక్క ప్రతి చాలు. ఎక్స్‌ఏ 13 కథ వేరు. మామూలు వరిలో చక్కెరను కణం బయటికి పంపే ఒక తలుపు ఉంది. బాక్టీరియా వచ్చి ఆ తలుపు తెరిపించి చక్కెర తింటుంది. ఎక్స్‌ఏ 13 అంటే ఆ తలుపుకు బాక్టీరియా తాళంచెవి పట్టని రకం. మొక్కలో రెండు తలుపులుంటాయి, తల్లిదొకటి తండ్రిదొకటి. ఒక్కదానికి తాళంచెవి పట్టినా దొంగ లోపలికొస్తాడు. రెండూ మార్చాలి. అందుకే అంతర్గతం.

పంజాబ్‌లో పీఆర్ 106 రకంలో ఈ మూడింటినీ ఎక్కించిన వరస ఉంది. దాన్ని బీపీటీతో కలిపితే మూడు జన్యువులూ వస్తాయి, కానీ సగం పంజాబ్ వరి కూడా వస్తుంది. బీపీటీ రుచి పోతుంది. అందుకని ఆ సంతానాన్ని మళ్ళీ బీపీటీతో, మళ్ళీ బీపీటీతో, ఇట్లా నాలుగుసార్లు వెనక్కి కలిపారు. ఒక్కోసారి పంజాబ్ భాగం సగమవుతుంది. నాలుగుసార్లు అయ్యేసరికి సగటున 97 శాతం దాకా బీపీటీయే.

ఇక్కడే చిక్కు. వెనక్కి కలిపిన ప్రతిసారీ ఒక్కో జన్యువు దిగే అవకాశం సగం. మూడూ కలిసి దిగాలంటే సగంలో సగంలో సగం, ఎనిమిదో వంతు. ఎక్స్‌ఏ 21 ఉందో లేదో తెగులు ఎక్కించి చూడొచ్చు. కానీ ఆ రెండు అంతర్గతాలు? ఒక్కో ప్రతే ఉంటుంది కాబట్టి మొక్కను ఎంత చూసినా కనపడవు. మెండెల్ కాలంలోనైతే ప్రతి మొక్క గింజల్నీ విడిగా వేసి, ఇంకో తరం ఆగి చూడాలి, ఆ 28, 72 చేసినట్టు. ఇప్పుడు ఆకు ముక్క తీసి డీఎన్ఏలో గుర్తులు చూస్తే అదే రోజుల్లో తేలిపోతుంది. మెండెల్ లెక్క మారలేదు, లెక్కపెట్టే కన్ను మారింది.

చివరికి మూడూ ఒక్కో ప్రతి ఉన్న మొక్కను తనకు తానే గింజ పట్టనివ్వాలి. మూడూ రెండేసి ప్రతులు రావాలంటే పావులో పావులో పావు, 64లో ఒకటి. ఇక్కడ చాలామంది పొరబడతారు. 64 మొక్కలు వేస్తే ఒకటి వచ్చి తీరుతుంది అనుకుంటారు. రాదు. 64 వేస్తే ఒక్కటీ రాకపోయే అవకాశం నూటికి 36 పైనే. నూటికి 95 పాళ్ళు నమ్మకం కావాలంటే 190 మొక్కలు వెయ్యాలి. పావు అంటే నాలుగింటిలో ఒకటి ఖాయం అని కాదు. నాలుగు మొక్కలే వేస్తే పొట్టిది ఒక్కటీ రాకపోవడం మూడుసార్లలో ఒకసారి జరుగుతుంది.

అట్లా వచ్చిన రకం 2008లో విడుదలైంది. మెరుగుపరచిన సాంబ మసూరి. బీపీటీ బియ్యమే, ఎండాకు తెగులు తట్టుకునే బీపీటీ. సంకరంతో చేసిందే, బయట నుంచి జన్యువును దూర్చింది కాదు. చాలామంది దీన్ని జీఎం అనుకుంటారు, కాదు.

సరే, మామ పొలానికి వెళ్దాం.

హైబ్రిడ్ అంటే మొదటి తరం. రెండు వేరువేరు తల్లిదండ్రుల్ని కలిపి, ఆ కలిసిన గింజల్నే సంచుల్లో పోసి అమ్ముతారు. మెండెల్ మొదటి తరంలాగా మొక్కలన్నీ ఒకే తీరు. చేను సమంగా ఉంటుంది, బలంగా ఉంటుంది. కరీంనగర్, వరంగల్ వైపు వెళ్తే ఈ విత్తనం పండించే పొలాలు చూస్తారు. అక్కడి రైతులు దాన్ని ఆడమగ వరి అంటారు. ఎంత చక్కటి పేరో! కొన్ని సాళ్ళు ఆడ, వాటి పక్కన మగ. పూత సమయంలో తాడు పట్టి మగ సాళ్ళను లాగితే పుప్పొడి ఎగిరి ఆడ సాళ్ళ మీద పడుతుంది. ఆడ వెన్ను పొట్టలోంచి పూర్తిగా బయటికి రావడానికి జిబ్బరెలిన్ మందు కొడతారు. ఇందాకటి హార్మోనే!

ఆడ సాళ్ళలో పుప్పొడి ఎందుకు లేదు? 1970లో చైనాలోని హైనాన్ దీవిలో పుప్పొడి చచ్చిన ఒక అడవి వరి మొక్క దొరికింది. ఆ లోపం తల్లి వైపు నుంచే దిగుతుంది. దాన్ని సరిచేసే జన్యువులు తండ్రి వైపు పెడతారు. అందుకే రైతు కొన్న మొదటి తరంలో గింజ బాగా పడుతుంది. మన దగ్గర 1994లో ఏపీహెచ్ఆర్ 1, 2 అనే తొలి హైబ్రిడ్లు వచ్చాయి.

ఆ మొదటి తరం చేనులోంచి గింజ దాచి వేస్తే అది రెండో తరం. పొడుగు పొట్టి ఒక్కటే కాదు, వందల తేడాలు ఒకేసారి విడిపోతాయి. ఈనే రోజు, గింజ సన్నం, ఎత్తు, ప్రతిదీ. లోపం మాత్రం తల్లి నుంచి వచ్చింది కాబట్టి అన్ని మొక్కల్లోనూ ఉంటుంది. సరిచేసే జన్యువు కొన్ని మొక్కలకు దిగదు. అవే తాలు వెన్నులు. మామ పొలంలో నొక్కి చూసినవి అవే.

ఇదంతా గట్టు మీద కూర్చుని చెప్తే మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గీ మాట సంచి మీద తెలుగుల పెద్దగ రాస్తే ఏం బోయింది?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. దుకాణం వాడిది మోసం కాదు అని నేను అన్నది నిజమే, కానీ అమ్మేటప్పుడు ఒక్కమాట చెప్పి ఉంటే మామకు ఆ ఏడాది అట్లా పోయేది కాదు.

తర్వాత ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. "మరి గా పది తీర్లల్ల మంచిదొకటి ఉండొచ్చు గదా?" ఉండొచ్చు. రకాలు పుట్టింది అట్లాగే. చట్టం కూడా అడ్డం రాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట గింజను దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండ్ పేరు పెట్టి విత్తనంగా మాత్రం అమ్మకూడదు.

"అయితే మామా, చేను మొత్తం కలిపి దాచకు. తాలు లేకుండా నిండుగా ఉన్న వెన్నులు, నీకు నచ్చిన సన్నగింజవి, ఒక్కోటి విడిగా తెంపు. ఒక్కో వెన్ను గింజలు ఒక్కో సాలు. సాలులో తేడా వస్తే, తాలు వస్తే, ఆ సాలు మొత్తం తీసేయ్. మిగిలినదాంట్లో మళ్ళీ వెన్ను వెన్ను" అని చెప్పాను. ఆరేడు పంటలు పడుతుంది అని కూడా చెప్పాను. "వానాకాలం, యాసంగి కలిపి లెక్కబెట్టుకుంటే మూడేండ్లే గదా" అన్నాడు.

మిగతా పొలమంతా మళ్ళీ బీపీటీయే వేస్తున్నాడు. కాలువ గట్టు పక్కన రెండు గుంటల్లో మాత్రం అరవై వెన్నులతో మొదలుపెట్టాడు, సాలు సాలుకు పుల్ల పాతి, పుల్లకు రంగు గుడ్డ కట్టాడు. పోయిన యాసంగికి పదకొండు సాళ్ళు మిగిలాయి. అందులో నాలుగు ఒకే రోజు ఈనాయని ఫోన్ చేసి చెప్పాడు. వచ్చే వానాకాలం నేను వెళ్ళి చూసి, మీకు కూడా చూపిస్తాను.